మొదటి బ్యాచ్

నిన్నగాక మొన్న పెట్టిన కాలేజీలో, ఇంకా ఒక్కరు కూడా పాసై బయటికి రాని కోర్సులో చేరమని మనవాళ్ళ పిల్లలకి సలహా ఇవ్వచ్చా? ఎవరూ ఇవ్వరు. నేనూ ఇవ్వను. కానీ ఏ కాలేజీకైనా ఒక మొదటి బ్యాచ్ ఉండి తీరాలి. మన పిల్లలు కాకపోతే ఇంకెవరి పిల్లలో ఆ బెంచీల మీద కూర్చోవాలి. ఈ రెండు మాటలనీ పక్కపక్కన పెట్టి చూస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది ఎక్కడినుంచి వస్తోందో చూడాలని ఈ వ్యాసం.

నేను ఫార్మసీ చదవలేదు. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉన్నవాడికి అన్ని చదువుల గురించీ తెలుసని మన వైపు ఒక నమ్మకం ఉంది కాబట్టి, ఎంసెట్ (దాని పేరు మారింది, నోట్లో మాత్రం పాతదే ఆడుతుంది) కౌన్సెలింగ్ రోజుల్లో ఫోన్లు వస్తుంటాయి. ఈ మధ్య వాటిలో ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఫార్మసీ గురించే: పాత యూనివర్సిటీ కాలేజీలో నాలుగేళ్ళ బీఫార్మసీనా, కొత్త కాలేజీలో ఆరేళ్ళ ఫార్మ్‌-డినా?

పాతది అంటున్నదాని వయసెంతో ముందు చూద్దాం. మన దేశంలో యూనివర్సిటీ స్థాయి ఫార్మసీ చదువు 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దానికి మూలపురుషుడు మహదేవ లాల్ ష్రాఫ్. అది మూడేళ్ళ బీఫార్మసీ డిగ్రీగా స్థిరపడింది 1937లో. ఫార్మసీ చట్టం వచ్చింది 1948లో. అంటే, ఆ తొలి విద్యార్థులు డిగ్రీ చదువుతున్న రోజుల్లో వాళ్ళ వృత్తిని గుర్తించే చట్టమే దేశంలో లేదు. మందులమ్మడానికి ఏ చదువూ అక్కర్లేని కాలంలో వాళ్ళు మందుల మీద డిగ్రీ చదివారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మసీ విభాగం 1951లో మొదలైంది. ఇవాళ "పాతది, పేరున్నది" అని మనం వేలు పెట్టి చూపించే ప్రతి చోటా ఒకప్పుడు ఒక మొదటి బ్యాచ్ ఏ భరోసా లేకుండా కూర్చుంది.

ఫార్మ్‌-డి వయసు ఇంకా చిన్నది. 2008లో ఫార్మసీ కౌన్సిల్ నిబంధనలు తెచ్చింది. ఐదేళ్ళు చదువు, ఆరో ఏడు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. కాబట్టి ఇంటర్ తర్వాత చేరిన తొలి విద్యార్థులు బయటికొచ్చింది 2014లో. బీఫార్మసీ ప్రధానంగా మందుల తయారీ, నాణ్యత పరీక్షలు, మందుల షాపు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాల వైపు తీసుకెళితే, ఫార్మ్‌-డి రోగి మంచం దగ్గరికి తీసుకెళ్ళాలన్నది ఉద్దేశం. డాక్టరు రాసిన ఆరు మందుల్లో ఏ రెండూ ఒకదానితో ఒకటి పడవో, కిడ్నీ సరిగా లేని మనిషికి డోసు ఎంత తగ్గించాలో చూసే మనిషి అన్నమాట. అమెరికా కోణం కూడా ఒకటుంది. అక్కడ ఫార్మసిస్టు అవ్వాలనుకునే విదేశీ పట్టభద్రులు రాసే అర్హత పరీక్షకి, 2003 నుంచి డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి కనీసం ఐదేళ్ళ కోర్సు ఉండాలి. మన నాలుగేళ్ళ బీఫార్మసీ అక్కడే ఆగిపోయింది. ఫార్మ్‌-డి మీద మనవాళ్ళకున్న మోజులో ఈ లెక్క పాలు తక్కువేం కాదు.

ఇప్పుడు మొదటి బ్యాచ్ సంగతి. ఫార్మసీ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం రెండిటికి కావాలి: ఒకటి చదువుకి, రెండోది పరీక్షకి. కాలేజీ పెట్టాక కోర్సు నడపడానికి అనుమతి వస్తుంది. పరీక్షకి ఆమోదం రావాలంటే ముందు ఆ పరీక్ష రాసేవాళ్ళు ఉండాలి. అది రాశాకే, కౌన్సిల్ మనుషులొచ్చి చూశాకే, అంతా సవ్యంగా ఉందన్నాకే ఆ పట్టాతో ఫార్మసిస్టుగా రిజిస్టర్ అవ్వడం కుదురుతుంది. ఇందులో అన్యాయమేమీ లేదు, ఇంకోలా పెట్టడం కుదరదు కూడా. వంట పూర్తవకుండా రుచి చూడలేం. కాకపోతే ఇక్కడ ఆ వంటలో ఉడికేది ఒక మనిషి నాలుగేళ్ళో ఆరేళ్ళో.

అందుకని అందరూ చెప్పేది ఒకటే: పాతదానికే వెళ్ళు. ఈ సలహా తప్పని నేననను. అది సరైనదే. సరైన సలహాని అందరూ పాటిస్తే ఏమవుతుందన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న. కాంట్ చెప్పిన పరీక్ష అదే కదా, నువ్వు పాటించే సూత్రం అందరి సూత్రమైతే నిలబడుతుందా అని. "ఇంకెవరో పరీక్షించి చూశాకే నేను వెళతాను" అన్నది అందరి సూత్రమైతే పరీక్షించేవాడు ఉండడు. 1932 బనారస్ ఉండదు, 1951 విశాఖపట్నం ఉండదు, మనం గొప్పగా చెప్పుకునే పాత కాలేజీ ఒక్కటీ ఉండదు.

అయితే ఈ పరీక్షని ఇంత తేలిగ్గా వాడేస్తే ప్రమాదం. అందరూ డాక్టర్లయితే పొలం దున్నేవాడు ఉండడు, అందుకని డాక్టరవడం తప్పా? అందరూ చేస్తే చెడిపోయే పనులన్నీ చెడ్డ పనులు కావు. "నా పరిస్థితికి ఇది నప్పుతుంది కాబట్టి ఇటు వెళుతున్నా" అన్నది ఎవరైనా పాటించగల సూత్రమే. కాబట్టి పాతది ఎంచుకున్న పిల్లనో పిల్లాడినో పిరికివాళ్ళనీ స్వార్థపరులనీ అనడానికి వీల్లేదు. కొత్తదాన్ని నిలబెట్టే బాధ్యత పదిహేడేళ్ళ పిల్లల మీద ఎవరూ పెట్టలేదు, పెట్టకూడదు. మిగిలేది ఇంకో ప్రశ్న. ఎవరో ఒకరు ముందు వెళ్ళడం వల్ల మనందరికీ లాభం ఉన్నప్పుడు, ఆ ముందు వెళ్ళినవాళ్ళకి మనం ఏమన్నా బాకీ పడ్డామా?

మా వృత్తిలో ఒక పాత లెక్క ఉంది. వరసగా కొన్ని జూదం మిషన్లు ఉంటాయి. దేంట్లో ఎంత వస్తుందో తెలియదు. బాగా వస్తోందని తెలిసిన మిషన్‌నే లాగుతూ కూర్చోవాలా, తెలియని మిషన్ మీద కొన్ని నాణేలు ఖర్చుపెట్టి చూడాలా? లెక్క తేల్చేదేమంటే, కొన్నిసార్లు కొత్తదాన్ని కూడా లాగి చూడాలి, ఎప్పుడూ పాతదాన్నే లాగేవాడు చివరికి నష్టపోతాడు అని. వెబ్‌సైట్లో ఏ బటన్ ఎక్కడ పెట్టాలో మేం ఇలాగే తేలుస్తాం. ఈ లెక్క చూపించి "కొత్తవాటికీ అవకాశం ఇవ్వాలి" అని వాదించేవాళ్ళు నాకు ఆఫీసులో చాలామంది తెలుసు. ఆ లెక్కలో ఒక చిన్న సంగతి దాగి ఉంది. అక్కడ ఆడేవాడు ఒక్కడే. ఇవాళ కొత్త మిషన్ మీద పోగొట్టుకున్న నాణెం వల్ల తెలిసిన సంగతి, రేపు వాడికే పనికొస్తుంది. కాలేజీ విషయంలో ఆ ఒక్క ఆటగాడు ఎవరు? సమాజం. ఆ పిల్ల కాదు. ఆమె దగ్గర ఉన్నది ఒకే నాణెం. అది పోతే వచ్చే తెలివి తర్వాతి ఏడాది కౌన్సెలింగ్‌లో కూర్చునేవాళ్ళది. "ఆ కాలేజీ మంచిది కాదంట" అని వాళ్ళు హాయిగా చెప్పుకుంటారు. ఆ "అంట" వెనక ఎవరో అరవైమంది ఉంటారు.

విచిత్రమేమంటే, ఒకరి శరీరం మీద ప్రయోగం చేసి వచ్చిన జ్ఞానం ఇంకొకరికి పనికిరావడంలో ఉన్న నీతి ఏమిటన్నది అందరికంటే ఎక్కువ ఆలోచించిన శాస్త్రాల్లో ఫార్మసీ ఒకటి. కొత్త మందు తయారైతే దాన్ని మొదట కొద్దిమంది మీద, తర్వాత ఎక్కువమంది మీద దశలవారీగా చూస్తారు. ఆ మొదటి మనుషులకి ఏం చెప్పాలి, ఏం ఇవ్వాలి, ఎప్పుడు ఆపెయ్యాలి అన్నదాని మీద 1964 హెల్సింకీ ప్రకటన దగ్గర్నుంచి మన దేశంలో 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల దాకా బోలెడంత ఉంది. సారాంశం మూడు ముక్కల్లో చెప్పచ్చు. ఒకటి, ఇది ప్రయోగం అని వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. రెండు, ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి. మూడు, ఎప్పుడైనా వదిలేసి వెళ్ళిపోయే హక్కు వాళ్ళకి ఉండాలి.

ఇంకో మాట కూడా ఉంది. 1987లో బెంజమిన్ ఫ్రీడ్‌మన్ అనే ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలో బాగా ప్రసిద్ధం. పాత మందు, కొత్త మందులలో ఏది మెరుగన్న దాని మీద నిపుణుల మధ్య నిజంగా భేదాభిప్రాయం ఉన్నప్పుడే రోగుల్ని అటొకరినీ ఇటొకరినీ వెయ్యడం న్యాయం అంటాడు. పాతదే మేలని అందరికీ తెలిసి కూడా కొందరికి కొత్తది ఇస్తే అది ప్రయోగం కాదు, మోసం. దీన్ని కాలేజీలకి పెట్టి చూడండి. కొత్త కాలేజీ నడిపేవాళ్ళు తమ సొంత పిల్లల్ని అందులో చేర్చే మాటైతే అక్కడ నిజమైన భేదాభిప్రాయం ఉన్నట్టు. చేర్చని మాటైతే లేనట్టే.

కాలేజీ బ్రోషర్‌కీ, ట్రయల్‌లో చేరేవాడి చేత సంతకం పెట్టించుకునే కాగితానికీ తేడా గమనించారా? కాగితంలో ఏం చెడు జరగచ్చో ఉంటుంది. బ్రోషర్‌లో చెట్లుంటాయి, తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న అమ్మాయి ఉంటుంది. "మా పరీక్షకి ఇంకా ఆమోదం రావాలి, ఫలానా సబ్జెక్టుకి ఇంకా టీచరు దొరకలేదు" అన్న వాక్యం నేను ఇప్పటిదాకా ఏ బ్రోషర్‌లోనూ చూడలేదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఎవరు చేరుతున్నారన్నది. పాత కాలేజీల సీట్లు మొదటి విడతలోనే మంచి ర్యాంకు వాళ్ళతో నిండుతాయి. కొత్తవాటిలో చివరి విడతల్లో చేరేది తక్కువ ర్యాంకు వాళ్ళు, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్ళు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ఒక్క ధైర్యంతో వచ్చినవాళ్ళు. మనుషుల మీద పరిశోధనల గురించి 1979లో అమెరికాలో వచ్చిన బెల్మాంట్ నివేదిక న్యాయం గురించి మాట్లాడుతూ అడిగిన ప్రశ్న సరిగ్గా ఇక్కడ తగులుతుంది. భారం ఒకరిది, ఫలం ఇంకొకరిది అవుతోందా, సులభంగా దొరుకుతారు కాబట్టి బీదవాళ్ళనే ఎంచుకుంటున్నారా అని. మన దగ్గర ఎవరూ ఎంచుకోవడం లేదు, నిజమే. ర్యాంకుల జాబితాయే ఆ పని చేసిపెడుతోంది.

2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఫార్మసీ కాలేజీలు మరీ ఎక్కువైపోయాయని కౌన్సిల్ ఐదేళ్ళపాటు కొత్తవాటిని ఆపెయ్యాలనుకుంది. విద్యాసంస్థ పెట్టడం రాజ్యాంగం 19(1)(జి) కింద ప్రాథమిక హక్కు, దాన్ని చట్టం ద్వారా నియంత్రించచ్చు గానీ ఒక తీర్మానం చేసి ఆపెయ్యడం కుదరదు అంది కోర్టు. వాదన న్యాయంగానే ఉంది. పెట్టేవాళ్ళకి హక్కు ఉంది. ఆమోదించేవాళ్ళకి అధికారం ఉంది. మొదటి ఏడు చేరేవాళ్ళకి ఏముందన్నదే ఎక్కడా రాసిలేదు.

ఇంతకీ పాత, కొత్త అంటే ఏమిటి? మా పెద్దమ్మ గారి మనవరాలు, నాకు మేనకోడలి వరస, సరిగ్గా ఈ ఎంపిక ముందే నిలబడింది. బైపీసీ, మెడిసిన్‌లో సీటు రాలేదు. ఆమెతో మాట్లాడుతున్నప్పుడు తట్టిందేమంటే, ఇక్కడ ఒక పాతదనం కాదు, మూడున్నాయి. కాలేజీ వయసు, కోర్సు వయసు, ఆ చదువు చేర్చే ఉద్యోగం వయసు. కొత్త కాలేజీలో బీఫార్మసీ అంటే పాత రోడ్డు మీద కొత్త బస్సు. బస్సు ఎలా ఉన్నా రోడ్డు ఎక్కడికి వెళుతుందో తెలుసు. దిగి ఇంకో బస్సు పట్టుకోవడమూ కుదరచ్చు. ఎంత పేరున్న కాలేజీలోనైనా ఫార్మ్‌-డి అంటే ఇప్పుడే వేస్తున్న రోడ్డు మీద పాత బస్సు. క్లినికల్ ఫార్మసిస్టు అన్న మాట 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల్లో ఉంది గానీ, మన ఊళ్ళ ప్రభుత్వాసుపత్రుల్లో ఆ కుర్చీ వెతికితే దొరకడం కష్టం. ఇక కొత్త కాలేజీలో ఫార్మ్‌-డి అంటే రెండూ కొత్తవే. పేరు చూసి "పాత కాలేజీ కదా" అని ఫార్మ్‌-డిలో చేరేవాళ్ళు బస్సు చూసి రోడ్డు సంగతి మర్చిపోతున్నారు.

ఇదంతా విని ఆమె ఒకటే అడిగింది. "మరి నువ్వు పేరు కూడా తెలియని స్టార్టప్‌లో చేరావు కదా మామయ్యా? అప్పుడు అమ్మమ్మ వద్దంటే వినలేదట."

మంచి ప్రశ్న. నేను చేరిన కంపెనీ మూడేళ్ళు కూడా నిలవలేదు. కానీ దానివల్ల నా బతుకేమీ తలకిందులవలేదు. ఎందుకంటే నా చేతిలో అప్పటికే ఒక పాత కాలేజీ పట్టా ఉంది, ఆ కంపెనీ నెలనెలా నాకే జీతం ఇచ్చింది, ఒక నెల నోటీసుతో బయటికి రాగలిగాను. కొత్తదనాన్ని నేను కొనుక్కోలేదు, అద్దెకి తీసుకున్నాను. ఆమె ఆరేళ్ళు తన డబ్బు, తన వయసు కట్టి కొనుక్కోవాలి, నచ్చకపోతే వాపసు లేదు. ధైర్యం నాకెక్కువ, ఆమెకి తక్కువ అని కాదు. వెనక్కి వచ్చే దారి నాకుంది, ఆమెకి లేదు. రిస్కు తీసుకోమని యువతకి ఉపన్యాసాలిచ్చే పెద్దలు చాలామంది ఈ తేడాని దాటేసి మాట్లాడతారు.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలో, భాసుడి లాంటి పేరుమోసిన కవులుండగా ఈ కొత్త కవి నాటకం ఎందుకని అడిగిన పారిపార్శ్వకుడికి సూత్రధారుడు చెప్పే జవాబు ప్రసిద్ధం. పాతదైనంత మాత్రాన మంచిది కాదు, కొత్తదైనంత మాత్రాన తీసిపారెయ్యక్కర్లేదు, తెలిసినవాళ్ళు పరీక్షించి చూసి తేల్చుకుంటారు అన్న అర్థంలో. సాహిత్యం గురించి మాట్లాడుకునేటప్పుడు నేను ఈ మాటని పూర్తిగా నమ్ముతాను. కొత్త కవి పుస్తకం కొంటే పోయేది రెండొందలు. బాగా లేకపోతే పక్కన పడేస్తాం. నాటకం బాగా లేకపోతే మధ్యలో లేచి వస్తాం. పరీక్షించి చూడమన్న సలహా పరీక్ష చవకగా దొరికే చోట గొప్ప సలహా. పరీక్షించడానికే ఆరేళ్ళు పట్టే చోట దాన్ని అలాగే వల్లిస్తే అది సలహా కాదు, ఎకసెక్కెం.

కాబట్టి నా దగ్గర రెండు జవాబులున్నాయి, రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. ఒక మనిషికి చెప్పాల్సింది వేరు, ఒక వ్యవస్థని అడగాల్సింది వేరు. మనిషికి నేను చెప్పేది: బస్సునీ రోడ్డునీ విడివిడిగా చూడు. పరీక్షకి ఆమోదం వచ్చిందా కనుక్కో. ఫార్మ్‌-డి అయితే నిబంధనల ప్రకారం కనీసం 300 పడకల ఆసుపత్రి అనుబంధంగా ఉండాలి, కాగితం మీద కాదు, వెళ్ళి వార్డుల్లో ఫార్మ్‌-డి విద్యార్థులు నిజంగా తిరుగుతున్నారేమో చూడు. సీనియర్లతో మాట్లాడు. మాట్లాడటానికి సీనియర్లే లేకపోతే, నువ్వు తీసుకుంటున్నది ఏ రకం నిర్ణయమో అప్పుడే తెలిసిపోతుంది. ఇవన్నీ చూశాక కూడా కొత్తదే కావాలనిపిస్తే వెళ్ళు. తెలిసి వెళ్ళడానికీ తోసుకెళ్ళబడటానికీ చాలా తేడా ఉంది.

వ్యవస్థని అడగాల్సింది కష్టమైనదేమీ కాదు. అమెరికాలో ఫార్మసీ కోర్సులకి గుర్తింపునిచ్చే ఏసీపీఈ కొత్త కాలేజీలని మెట్లు మెట్లుగా ఎక్కిస్తుంది. మొదటి బ్యాచ్ బయటికి వచ్చేదాకా పూర్తి గుర్తింపు ఇవ్వదు. కానీ ఆ మధ్య మెట్టు మీద ఉండగా పట్టా పొందినవాళ్ళకి, పూర్తి గుర్తింపు ఉన్న కాలేజీ వాళ్ళకుండే హక్కులే ఉంటాయని ముందే చెబుతుంది. కాలేజీ ఇంకా అనుమానంలో ఉండచ్చు, ఆ అనుమానాన్ని పిల్లల పట్టా మీద రాయరు. మనమూ ఇలాంటిది అడగచ్చు. ఈ కాలేజీ ఏ మెట్టు మీద ఉందో కౌన్సెలింగ్‌లో కాలేజీ పేరు పక్కనే, తెలుగులో, రాసి పెట్టమనచ్చు. అనుమతి పోతే ఆ పిల్లల్ని ఏ కాలేజీ తీసుకుంటుందో ముందే ఒప్పందం చేయించమనచ్చు. మొదటి రెండు మూడు బ్యాచ్‌ల ఫీజులో కొంత విడిగా దాచి, తేడా వస్తే వాళ్ళకే తిరిగి ఇవ్వమనచ్చు. మందుల ట్రయల్‌లో చేరిన మనిషికి ఇస్తున్నదానికంటే ఇది ఎక్కువేం కాదు.

మా మేనకోడలు బీఫార్మసీలో చేరింది, పాత కాలేజీలోనే. ఆమె వదులుకున్న ఆ ఫార్మ్‌-డి సీటు ఖాళీగా ఉండిపోదు. తర్వాతి విడతలో ఇంకెవరికో వస్తుంది. ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టి అడగడానికి సాఫ్ట్‌వేర్ మామయ్య ఉండకపోవచ్చు. పదేళ్ళ తర్వాత ఆ కాలేజీ బాగుంటే, "పేరున్న కాలేజీ, కళ్ళు మూసుకుని చేరిపో" అని మనమే ఇంకొకరికి చెబుతాం. అది మనకి తెలిసేలా చేసింది, కళ్ళు తెరుచుకునే ముందు చేరిన ఆ అమ్మాయి.